పరిష్కర్త పద్దు

ఏటా కార్తీక అమావాస్యకి కారెంపూడి తిరునాళ్ళ పేరు చెప్పి గురజాల వెళ్తాను. రాచగావు నుంచి కళ్ళిపాడు దాకా ఐదు రోజులూ ఉండటం నా సెలవులకి కుదరదు. ఒకటో రెండో రోజులు చూసి హైదరాబాద్ బస్సెక్కేస్తాను. ఈసారి మాత్రం నాతోపాటు ఒక ఎక్సెల్ షీట్ కూడా ఊరికి వచ్చింది. పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రిళ్ళు తెలుగు పుస్తకాల ఎడిటింగ్, ఐదేళ్ళుగా ఇదీ నా బతుకు. ఏడాది చివర్లో ఆ రాత్రి పని లెక్క ఎప్పుడూ చూసుకోలేదు. ఈసారి చూద్దామనిపించింది.

మా నాన్నది పురుగుమందుల దుకాణం. ఆగస్టు నుంచి మిరపకీ, పత్తికీ అరువు మీద మందులిస్తాడు. మిరపకాయలు గుంటూరు యార్డు చేరి డబ్బు చేతికొచ్చాక, ఫిబ్రవరి, మార్చి నెలల్లో రైతులు ఖాతా కడతారు. మధ్యలో ఈ నవంబరు, డిసెంబరు నెలలున్నాయే, అవి ఆయన లెక్కలు వేసుకునే కాలం. ఎవరికి ఇంకా ఇవ్వొచ్చు, ఎవరి దగ్గర ఆపాలి, కంపెనీకి ఎంత కట్టాలి, వచ్చే ఏడు ఎంత సరుకు ఎత్తాలి అని. ఆయన పక్కన కూర్చుని నేనూ నా షీట్ తెరిచాను.

"ఏందిరా అది?" అన్నాడు.

"ఈ సంవత్సరం దిద్దిన పుస్తకాలు నాన్నా."

ఏడు పుస్తకాలు. 1,480 పేజీలు. పేజీకి 65 రూపాయల చొప్పున రావాల్సింది 96,200. వచ్చింది 61,500. పట్టిన సమయం, నేను రాసి పెట్టుకున్న మేరకి, 520 గంటలు. అంటే గంటకి 118 రూపాయలు.

నాన్న కళ్ళజోడు సర్దుకుని చూశాడు. రావాల్సిన 34,700 గురించి అడుగుతాడనుకున్నాను. అది అడగలేదు. "మరి దీని మీద పెట్టుబడి ఎవరిది?" అన్నాడు.

పెట్టుబడి ఏముంది నాన్నా, లాప్‌టాప్ ఉంది, నిఘంటువులున్నాయి అన్నాను. "అది కాదురా. ఆ 520 గంటలు నీకు అన్నమెవరు పెట్టారు?"

ఆ ప్రశ్నకి జవాబు నా ఒక్కడి షీట్‌లో దొరికేది కాదని తర్వాత తెలిసింది. హైదరాబాద్ వచ్చాక నా పుస్తకాల అరలో ఉన్న పాత ప్రతులని ఒకటొకటే తీసి, ఒక్కో పరిష్కర్త గురించీ అదే ప్రశ్న అడుగుతూ వచ్చాను. ఈ పుస్తకం దిద్దినన్నాళ్ళూ ఈయనకి అన్నమెవరు పెట్టారు? ఈ వ్యాసం ఆ వెతుకులాటే.

* * *

మా ఊరి పుస్తకంతోనే మొదలుపెడతాను. గురజాల అంటే నలగామరాజు రాజధాని, మాచర్ల అంటే మలిదేవుడిది. ఈ కథ పల్నాట్లో పుట్టినవాళ్ళకి పుస్తకం లేకుండానే వస్తుంది. కారెంపూడిలో వీరవిద్యావంతులు పాడతారు. 1947లో ఒకసారి, 1966లో ఒకసారి 'పల్నాటి యుద్ధం' సినిమాగా వచ్చింది. కానీ శ్రీనాథుడి పేరుతో ఉన్న ద్విపద పల్నాటి వీరచరిత్ర అచ్చు పుస్తకంగా పాఠకుడి చేతికి వచ్చిందంటే దానికి కారణం అక్కిరాజు ఉమాకాంతం. తర్వాత 'నేటికాలపు కవిత్వం' రాసి భావకవుల మీద విరుచుకుపడ్డాడే, ఆయనే. 1911లో పల్నాటి వీరచరిత్రని పెద్ద పీఠికతో వేసేనాటికి ఆయన ఇంకా ఇరవైల్లో ఉన్న కుర్రాడు.

చిన్నప్పుడు ఆ పుస్తకాన్ని శ్రీనాథుడు రాసిన పుస్తకంగానే చూశాను. ఎడిటింగ్ మొదలుపెట్టాక చూస్తే కనిపించింది వేరే. రాతప్రతిలో లేఖకుడు వదిలేసిన అక్షరమేదో, ఎగిరిపోయిన పాదమేదో, గణం తప్పింది కవి వల్లో రాసినవాడి వల్లో తేల్చడం, ఊళ్ళ పేర్లు సరిచూడటం, చరిత్ర ఎంత, కథ ఎంత అని పీఠికలో వాదించడం. నా లెక్కలో పేజీకి 21 నిమిషాలు పడుతోంది, అదీ టైపు చేసిన యూనికోడ్ ఫైలు మీద. తాళపత్రాల దగ్గర ఆ లెక్క ఎంతవుతుందో మీరే ఊహించుకోండి.

ఈ పనిని మొదట పద్ధతిగా, మనుషులని పెట్టి చేయించినవాడు బ్రౌన్. సి. పి. బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చాడు, ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి. కడపలో బంగళా కొని అందులో పండితులని, లేఖకులని కూర్చోబెట్టాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. ఇవాళ అక్కడ ఆయన పేరు మీద గ్రంథాలయం ఉంది. ఆయన పద్ధతి నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి వెంటనే అర్థమవుతుంది. ఒక కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించు. వాటిని పోల్చి తేడాలన్నీ ఒకచోట రాయించు. ఏ పాఠం నిలబడుతుందో పండితులని కూర్చోబెట్టి తేల్చు. శుద్ధప్రతి రాయించు. వీలుంటే వ్యాఖ్యానం రాయించు. మేము ఆఫీసులో రోజూ చేసే డిఫ్, మెర్జ్, రివ్యూ ఇదే. 1829లో వేమన పద్యాలు అచ్చులోకి వచ్చాయి. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది.

బ్రౌన్ గొప్పదనం గురించి మనవాళ్ళు చాలా రాశారు. నాన్న ప్రశ్న వెలుగులో నాకు ఆకర్షణగా కనిపించింది ఇంకొకటి. ఆ పండితులకి జీతాలున్నాయి. నెల తిరిగేసరికి డబ్బు చేతికొచ్చేది. ఆ డబ్బు బ్రౌన్ తన కంపెనీ జీతంలోంచి ఇచ్చాడు, చాలనప్పుడు అప్పు చేసి ఇచ్చాడు. అంటే పుస్తకం అమ్మితే వచ్చే డబ్బుతో పరిష్కరణ జరగలేదు. వేరే పని చేసి సంపాదించిన డబ్బు ఈ పనిలోకి పారింది.

దీన్ని ఒక పక్కన రాసి పెట్టుకోండి. తర్వాత వచ్చిన ప్రతి కథలోనూ ఇదే తిరిగి వస్తుంది.

* * *

1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు మద్రాసులో అచ్చుకూటం పెట్టారు. కొడుకు వేంకటేశ్వర శాస్త్రులు దాన్ని పెంచారు. వావిళ్ళవారి ప్రతి అంటే తప్పుల్లేని ప్రతి అని పేరు. ఇది వ్యాపారం, పుస్తకం అమ్మితేనే నడుస్తుంది. పండితుడి శ్రమ పుస్తకం వెలలో కలిసిపోయి ఉంటుంది. కొన్నవాడికి అది విడిగా కనిపించదు, కాగితం లాగా, సిరా లాగా. మన లెక్కలన్నిట్లోకీ ఈ ఒక్క పద్ధతే పుస్తకం కాళ్ళ మీద పుస్తకాన్ని నిలబెట్టింది. అయితే వావిళ్ళకి దన్ను రామాయణ భారతాలు, పురాణాలు, బడిలో చదివే కావ్యాలు. ఏటా అమ్ముడయ్యే పుస్తకాలుంటే నిదానంగా అమ్ముడయ్యేవాటికి చోటు దొరుకుతుంది.

కొమఱ్ఱాజు లక్ష్మణరావు ఇంకో దారి పట్టారు. 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి, శాశ్వత చందాదారులని చేర్చుకున్నారు. పుస్తకం రాకముందే దాన్ని కొనేవాళ్ళెవరో తెలిసిపోతుంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలై, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము దాకా ఎన్నో వచ్చాయి. ఏడాది ప్రణాళిక అన్న మాట తెలుగు ప్రచురణలో ఎవరికైనా నప్పుతుందంటే మొదట ఈ మండలికే నప్పుతుంది. ముందుగా చందా, దాని మీద పుస్తకాల లెక్క, దాని మీద రచయితల ఎంపిక. మా నాన్న దుకాణానికి సరిగ్గా తిరగేసిన పద్ధతి. ఆయన సరుకు ముందిచ్చి డబ్బు తర్వాత తీసుకుంటాడు.

కానీ మండలి పుస్తకాలకి సంపాదకుడైన లక్ష్మణరావు తిన్న అన్నం చందాదారులది కాదు. ఆయన మునగాల సంస్థానం దివాను. జీతం అక్కడిది. ఆ జీతం ఉంది కాబట్టే రాత్రీ పగలూ ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మీద పనిచేయగలిగారు. మూడు సంపుటాలు వచ్చాయి. 1923లో ఆయన పోయేనాటికి ఆ పని అకారం దాటలేదు.

ఆ సర్వస్వాన్ని తర్వాత భుజాన వేసుకున్నది కాశీనాథుని నాగేశ్వరరావు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన మనిషి. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల. పాల్కురికి సోమనాథుడి బసవపురాణాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించి, పెద్ద పీఠిక రాస్తే ఆ గ్రంథమాలలోనే వచ్చింది. ఇప్పుడు పద్దు వేద్దాం. అచ్చు ఖర్చు వెనక తలనొప్పి మందు ఉంది. పరిష్కర్త భోజనం వెనక మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఆయన చేసిన ఉద్యోగం ఉంది. పుస్తకం వెల మీద మాత్రం ఈ రెండూ కనిపించవు. పాఠకుడు చవకగా కొనుక్కున్నాడు. కొనుక్కోవాలనే కదా వాళ్ళు అలా చేసింది. నేను తప్పు పట్టడం లేదు. ఆ పుస్తకాల మీద బతుకుతున్నవాడిని, ఎలా పడతాను?

అయితే ఈ ఏర్పాటుకి అలవాటు పడిపోయాం. కంపెనీ జీతం, సంస్థానం జీతం, తలనొప్పి మందు, ప్రభుత్వ ఉద్యోగం, ఆ తర్వాత కాలంలో విశ్వవిద్యాలయం జీతం. ఎప్పుడూ ఎవరో ఒకరు బయటినుంచి కడుతూ వచ్చారు. అందుకే పరిష్కరణకి ఒక ఖరీదు ఉంటుందనే ఊహే మన ప్రచురణ లెక్కల్లోకి రాలేదు.

బయటి జీతం ఆగిపోతే ఏమవుతుందో మానవల్లి రామకృష్ణకవిని చూస్తే తెలుస్తుంది. 1909లో నన్నెచోడుడి కుమారసంభవాన్ని బయటపెట్టి తెలుగు సాహిత్య చరిత్రలో పెద్ద చర్చ లేపినవాడు. భరతుడి నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుడి వ్యాఖ్యానంతో పరిష్కరించాడు. బరోడా గ్రంథమాలలో దాని మొదటి సంపుటం 1926లో, రెండోది 1934లో, మూడోది 1954లో, నాలుగోది 1964లో వచ్చాయి. ఆయన పోయింది 1957లో. ఒకే పని, 38 ఏళ్ళు, చివరి సంపుటం కళ్ళతో చూడలేదు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ నాట్యశాస్త్రం మీద మాట్లాడినా ఆ సంపుటాలు తెరవాల్సిందే. చివరి రోజులు మాత్రం లేమిలో గడిచాయి.

నా షీట్‌లో ఒక పనికి గడువు అన్న గడి ఉంది. అందులో అన్నిటికన్నా పెద్ద సంఖ్య 45 రోజులు. ఆ గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

* * *

ఇక్కడిదాకా వచ్చాక నాన్న ప్రశ్నకి నా జవాబు దొరికింది. నా 520 గంటలకి అన్నం పెట్టింది నా సాఫ్ట్‌వేర్ జీతం. నా అమృతాంజనం అదే. బాగానే ఉంది, పెద్దలు నడిచిన దారే కదా అని కాస్త గర్వం కూడా కలిగింది. అది ఒక్క వారం నిలిచింది.

డిసెంబర్లో ఒక రచయిత ఫోన్ చేశారు. ఈ కాలంలో ఫోన్లు ఎక్కువ. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబర్లో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో. రచయితలందరికీ పుస్తకం అప్పటికే స్టాల్‌లో ఉండాలి. కాబట్టి సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఎడిటర్లకీ, డీటీపీ వాళ్ళకీ ఊపిరాడదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఈగలు తోలుకోవడమే. అప్పటికి పుస్తకం అచ్చయి, ఆవిష్కరణ కూడా అయిపోతుంది, మన డబ్బు గుర్తుండదు. ఈ రచయిత అలాంటివారు కాదు, మొత్తం కట్టేశారు. కృతజ్ఞత చెప్తూ మాటల్లో అన్నారు: "మీకంటే ముందు ఇంకొకావిడని అడిగాను. పేజీకి 90 అన్నది. మీరు 65కే చేసిపెట్టారు."

ఆవిడెవరో నాకు తెలుసు. నరసరావుపేటలో ఉంటుంది. ఒక పత్రికలో పదేళ్ళకి పైగా ప్రూఫులు చూసింది. ఆ ఎడిషన్ మూతపడ్డాక ఇంట్లోంచి పుస్తకాలు దిద్దుతోంది. ఇంటి ఖర్చు, పిల్లాడి చదువు దానిమీదే. నాకు అరసున్నాలూ బండిరాలూ ఎక్కడ వదిలేయొచ్చో, ఎక్కడ వదలకూడదో నేర్పింది ఆవిడే. అక్కా అని పిలుస్తాను.

ఆ రాత్రి షీట్‌లో కొత్త పేజీ తెరిచాను. ఈ పని మీదే ఒక మనిషి బతకాలంటే ఎంత కావాలి? నెలకి 25,000 అనుకుందాం, ఏడాదికి 3,00,000. ఏడాదిలో డబ్బు వచ్చే గంటలు 1,200కి మించవు. మిగతావి ఫోన్లు, నమూనా పేజీలు, వసూళ్ళు, ఖాళీ నెలలు, జ్వరాలు. అంటే గంటకి 250 రూపాయలు. పేజీకి 21 నిమిషాల చొప్పున చూస్తే పేజీకి దాదాపు 88 రూపాయలు.

అక్క అడిగిన 90 అత్యాశ కాదు. లెక్క కట్టిన ధర. ఎక్సెల్ లేకుండా, ఇంటి ఖర్చుల పుస్తకంలోంచి ఆవిడ కట్టుకున్న ధర. నేను అడిగిన 65 ఎక్కడినుంచి వచ్చింది? ఐదేళ్ళ కింద ఎవరో "మీరెంత తీసుకుంటారు" అంటే సిగ్గుపడుతూ చెప్పిన అంకె. సాహిత్య సేవ అనుకున్నాను. జీతం వచ్చేవాడి సేవ జీతం లేనివాళ్ళ మీద పోటీగా దిగుతుందని తట్టలేదు.

బ్రౌన్ బయటి డబ్బు తెచ్చి పండితులకి పని ఇచ్చాడు. నేను బయటి డబ్బు ఆసరాతో ఒక పండితురాలి పని తీసుకున్నాను. రెండూ ఒకటి కావు.

ఫోన్ చేసి చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "నీకు జీతం వస్తది కదా తమ్ముడూ, నీకెట్టా తెలుస్తది" అంది. తర్వాత కాసేపు పిల్లాడి ఇంటర్ పరీక్షల గురించి మాట్లాడింది.

* * *

క్రిస్మస్ సెలవులకి మళ్ళీ గురజాల వెళ్ళాను. వచ్చే సంవత్సరానికి ప్రణాళిక రాసుకుంటున్నానని చెప్తే, నాన్న తన పద్ధతి చెప్పాడు. పాత బాకీలో కొంతైనా కట్టందే కొత్త సరుకు ఇవ్వడు. బిల్లు రైతు ఎదురుగానే రాసి చదివి వినిపిస్తాడు. ఇంటి డబ్బు, దుకాణం డబ్బు ఒక పెట్టెలో కలపడు. "కలిపితే ఏ దుకాణమైనా లాభంలోనే ఉన్నట్టు కనపడుద్ది" అన్నాడు. ఈ మూడో మాట నాకు బాగా తగిలింది. ఐదేళ్ళుగా నా రెండు పెట్టెలూ ఒకటే.

కాబట్టి నా ప్రణాళిక ఇలా తేలింది. ధర 90. మూడో వంతు ముందుగా, మూడో వంతు మొదటి ప్రూఫుకి, మిగతాది ఫైలు అచ్చుకి వెళ్ళేముందు. పుస్తక ప్రదర్శనలకి రావాల్సిన పుస్తకం జూలై లోపు నా చేతికి రావాలి, ఆ తర్వాత వచ్చినవి వేసవికి. ఏడాదికి నాలుగు పుస్తకాలే. అంతకు మించి వచ్చినవి, ఈ పని మీదే బతికేవాళ్ళకి పంపించాలి. ఎడిటింగ్ డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా, మార్చి 31న దాని లెక్క దానికే. ఇక ఉచితంగా చేసే పని కూడా ఒకటి ఉంచుకున్నాను. కాపీరైటు తీరిపోయి, ఎవరూ డబ్బు పెట్టి వేయని పాత పుస్తకం ఏడాదికి ఒకటి. అక్కడ నేను ఎవరి నోటి దగ్గర ముద్దా తీయను. మొదటిది పల్నాటి పుస్తకమే అవుతుంది, ఇంకేదో ఎలా అవుతుంది?

ఇంకొక్క సంగతి. స్వంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితలు అంచనా కాగితం చూపిస్తుంటారు. కాగితం, డీటీపీ, ముఖచిత్రం, ప్లేట్లు, బైండింగ్, ఆవిష్కరణ సభకి హాలు, శాలువాలు. శాలువాలకి కూడా వరుస ఉంటుంది. పరిష్కరణకి ఉండదు. జనవరిలో రావాల్సిన ఒక కథల సంపుటిని అక్కకి పంపిస్తూ, ఆ రచయితని అంచనా కాగితంలో ఆ ఒక్క వరుస చేర్చమన్నాను.

"ఇది కూడా రాయాలాండీ?" అన్నారాయన.

రాయాలన్నాను. ముఖచిత్రం కింద, ప్లేట్లకి పైన రాశారు. 160 పేజీలు, 14,400 రూపాయలు.